క్షయ ఒక్కటే, గడువులు రెండు

(పట్టణ షాదీఖానాలో జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాలు వ్రాసి పదవీ విరమణ చేసినవారము. వైద్యం గురించి చెప్పవలసినవారు డాక్టరుగారు, వారు ఇంతకు ముందే చక్కగా చెప్పారు. ఆసుపత్రి వసారాలో చీటీ పట్టుకొని నిలబడిన మనిషి ఏది తెలిస్తే బ్రతుకుతాడో, ఏది తెలియక ప్రాణం పోగొట్టుకుంటున్నాడో, ఆ సంగతి చెప్పడానికే మమ్మల్ని పిలిచారని భావిస్తున్నాము.

మన ఇళ్లలో క్షయను పెద్దలు తపే దిక్ అనేవారు. ఆ మాట కూడా గొంతు తగ్గించి అనేవారు. హెచ్.ఐ.వి.కి మాత్రం మన ఇళ్లలో నేటికీ పేరే లేదు. 'ఆ జబ్బు' అంటారు, అంతటితో సరి. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏమవుతుందో, హెచ్.ఐ.వి. లేని మనిషి క్షయకూ ఉన్న మనిషి క్షయకూ తేడా ఎక్కడ ఉన్నదో తెలియకపోవడం వల్లనే మనవారు అనవసరంగా పోతున్నారు.

ముందుగా రెండు అంకెలు మనవి చేస్తాము. గుమాస్తాకు అంకెలపై మమకారం ఉంటుంది, మన్నించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 8 లక్షల మంది క్షయ బారిన పడ్డారు. వారిలో హెచ్.ఐ.వి. ఉన్నవారు నూటికి ఆరుగురు. అదే ఏడాది క్షయతో మరణించినవారు సుమారు 12 లక్షల 50 వేల మంది. ఆ మృతులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు 1 లక్షా 61 వేల మంది, అనగా నూటికి దాదాపు పదమూడుగురు. రోగుల వరుసలో ఆరుగురు, మృతుల వరుసలో పదమూడుగురు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మేము చెప్పదలచినదంతా ఆ రెండింటి మధ్యనే ఉన్నది.

ప్రపంచంలోని క్షయ రోగులలో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఏటా సుమారు 28 లక్షల మంది. మన దేశంలో వారిలో హెచ్.ఐ.వి. ఉన్నవారు నూటికి ఇద్దరికి మించరు. అయితే మన ప్రాంతం సంగతి కొంత వేరు. 2005–06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్త పరీక్షలు జరిపినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్లలోపు వారిలో 0.97 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. ఆ తరువాత వ్యాధి బాగా తగ్గింది. కానీ నేటికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ జాతీయ సగటు అయిన 0.2 శాతానికి పైననే ఉన్నాయి. మనలో లారీ మీద, మెకానిక్ షెడ్డులో, పొరుగు రాష్ట్రాల పండ్ల మార్కెట్లలో, గల్ఫ్‌లో బ్రతికేవారు ఎందరో ఉన్నారు. ఇది మన గుమ్మానికి దూరపు సంగతి కాదు.

ఇక అసలు విషయం. క్షయ క్రిమి శరీరంలో ప్రవేశించినంత మాత్రాన రోగం రాదు. ఆరోగ్యవంతుని శరీరం ఆ క్రిమి చుట్టూ గోడ కట్టి దానిని బంధించి ఉంచుతుంది. హెచ్.ఐ.వి. లేని మనిషిలో అది జన్మంతా అట్లాగే నిద్రించవచ్చు. అట్టివారిలో నూటికి అయిదు నుండి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు రోగం బయటపడుతుంది. హెచ్.ఐ.వి. చేసే పని ఆ గోడ కట్టే మేస్త్రీలను చంపివేయడం. చికిత్స లేని హెచ్.ఐ.వి. రోగికి క్షయ వచ్చే అవకాశం ఇతరులకంటె పది రెట్లకు పైగా ఉంటుంది. గోడ కూలిన తరువాత క్రిమి ఊపిరితిత్తులతో ఆగదు. మెడ బిళ్లలకు, పొట్టకు, మెదడు పొరలకు, రక్తానికి కూడా పాకుతుంది.

ప్రభుత్వాసుపత్రి గోడ మీద బొమ్మ మీరందరూ చూసే ఉంటారు. రెండు వారాలు దగ్గు ఉంటే గళ్ల పరీక్ష చేయించుకోండి అని ఉంటుంది. మంచి మాటే. కానీ ఆ రెండు వారాల గడువు హెచ్.ఐ.వి. ఉన్నవారికి వర్తించదు. వారికి దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఏ ఒక్క రోజు కనిపించినా క్షయ కోసం వెదకవలసిందే. ఏ.ఆర్.టి. కేంద్రానికి మందులకు వెళ్లిన ప్రతిసారీ ఈ నాలుగు ప్రశ్నలు వారు అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి. ఈ సంగతి ఆ బొమ్మ మీద వ్రాసి ఉండదు, ఎందుకంటే వ్రాస్తే ఎవరికి ఉన్నదో అందరికీ తెలిసిపోతుందన్న జంకు. ఆ జంకును మేము అర్థం చేసుకోగలము. అయినా దాని ఖరీదు తక్కువ కాదు.

మేము పని చేసే వాడలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. దగ్గు, జ్వరం మొదలయ్యాయి. ఒక ఆర్.ఎం.పి. దగ్గర సూదులు, సిరప్పులు నడిచాయి. తరువాత గళ్ల పరీక్ష చేయిస్తే లేదన్నారు. మరల చేయిస్తే మరల లేదన్నారు. ఎక్స్‌రేలో పెద్ద మచ్చ ఏమీ లేదన్నారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మనిషి మాత్రం నెలలో సగమయ్యాడు. పెద్దాసుపత్రికి చేర్చిన తరువాత గాని హెచ్.ఐ.వి. పరీక్ష జరుగలేదు. అది తేలిన మూడవ రోజున మరణించాడు. వయస్సు నలభైలోపు.

గళ్ల పరీక్ష అబద్ధం చెప్పలేదు. అది చెప్పగలిగినదే చెప్పింది. ఆరోగ్యవంతుని శరీరం క్షయతో పోరాడేటప్పుడు ఆ పోరాటంలోనే ఊపిరితిత్తిలో గుల్ల పడుతుంది. ఆ గుల్లలో లక్షలాది క్రిములు చేరి దగ్గుతో బయటికి వస్తాయి, సూక్ష్మదర్శినిలో కనబడతాయి. రోగనిరోధక శక్తి అడుగంటిన మనిషిలో పోరాటమే లేదు, కాబట్టి గుల్ల పడదు, గళ్లలో క్రిములు అంతగా రావు, ఎక్స్‌రే కూడా దాదాపు శుభ్రంగా కనిపించవచ్చు. పరీక్షలో 'లేదు' అని వచ్చిన కొద్దీ రోగం లోపల పెరుగుతూ ఉంటుంది. అందుకే హెచ్.ఐ.వి. ఉన్నవారికి సూక్ష్మదర్శిని పరీక్షతో సరిపెట్టకుండా మొదటనే సి.బి. నాట్ గాని, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రంపై గాని పరీక్ష చేయాలి. అవి క్రిమి జన్యువును పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పని చేస్తుందో లేదో కూడా అదే రోజు చెబుతాయి. ఈ పరీక్ష ప్రభుత్వంలో ఉచితం. మీరు నోరు తెరిచి అడగండి. 'సి.బి. నాట్‌కు పంపారా అండీ?' ఈ ఒక్క వాక్యం నేర్చుకొని వెళ్లినా ఈ సదస్సు పెట్టినందుకు ఫలితం ఉన్నట్లే.

అందుకే క్షయ అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోమని చెబుతారు. మన వారికి ఇక్కడే కోపం వస్తుంది. 'మా అమ్మాయికి ఆ పరీక్ష ఎందుకు, మమ్మల్ని ఏమనుకున్నారు' అని ఒక తండ్రి గళ్ల డబ్బా అక్కడే పెట్టి కూతురిని తీసుకొని వెళ్లిపోవడం మేము చూశాము. ఆ తండ్రిని తప్పు పట్టలేము, ఆయనకు ఎవరూ వివరించలేదు. ఆ పరీక్ష శీలానికి పరీక్ష కాదు. ఏ దారిలో వైద్యం చేయాలో తెలుసుకునేందుకు చేసే పరీక్ష. పది మందిలో తొమ్మిది మందికి పైగా 'లేదు' అనే వస్తుంది, నిశ్చింతగా ఇంటికి వెళతారు.

అయితే అడగకుండా, చెప్పకుండా పరీక్ష చేయడానికి వీలు లేదు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్నది. మనిషికి వివరించి, సమ్మతి తీసుకున్న తరువాతనే పరీక్ష. ఫలితం రహస్యం. వార్డులో మంచానికి చీటీ కట్టడం, కేసు షీటుపై ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు వ్రాయడం, నలుగురిలో పేరు పెట్టి పిలిచి చెప్పడం చట్టవిరుద్ధం. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటిలో వివక్ష చూపడమూ అంతే. మసీదు కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ఎవరి విషయమైనా మీ చెవిన పడితే అది మీ దగ్గరే ఆగాలి. సహాయం చేయడానికి జబ్బు పేరు తెలియనవసరం లేదు.

మందుల సంగతి. హెచ్.ఐ.వి. ఉన్నా లేకున్నా మామూలు క్షయకు అవే మందులు, అదే ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు, బరువును బట్టి మాత్రల సంఖ్య. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడవద్దు, అది రిఫాంపిసిన్ రంగు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి క్షయ మందులు ముందు మొదలుపెట్టి, సాధారణంగా రెండు వారాలలోపే ఏ.ఆర్.టి. మందులు చేరుస్తారు. మెదడు పొరల క్షయ అయితే ఇంకొంత ఆగుతారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రిఫాంపిసిన్ శరీరంలో డోలుటెగ్రావిర్ అనే ఏ.ఆర్.టి. మందును త్వరగా కరిగించివేస్తుంది. అందుచేత ఆ మందు రోజుకు ఒకసారికి బదులు పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు ఇస్తారు. క్షయకు ఒకచోట, హెచ్.ఐ.వి.కి మరొకచోట మందులు తీసుకుంటూ ఒకచోటి సంగతి మరొకచోట దాచిపెట్టేవారు నష్టపోయేది ఇక్కడే. రెండు మందులూ ఏ.ఆర్.టి. కేంద్రంలోనే ఇచ్చే ఏర్పాటు ఉన్నది, దానిని వాడుకోవాలి. కుటుంబ నియంత్రణ మాత్రలు వాడే సోదరీమణులు రిఫాంపిసిన్ వాడేటప్పుడు ఆ మాత్రలు సరిగా పని చేయవని గుర్తుంచుకొని నర్సును అడగాలి.

మరొక భయం. ఏ.ఆర్.టి. మొదలైన కొద్ది వారాలకు కొందరికి జ్వరం తిరగబెడుతుంది, మెడ బిళ్లలు వాస్తాయి. ఇంట్లో వారు 'మందు పడలేదు' అని ఆపించేస్తారు. నిజానికి పడుకున్న సైన్యం లేచి, శరీరంలో మిగిలిన క్రిములపై విరుచుకుపడడమే అది. డాక్టరుకు చూపించాలి, మందు ఆపకూడదు. రోగం నయమయ్యే దారిలో ఉన్నప్పుడు దానిని చంపే మందును మనమే తీసి పారవేస్తున్నాము.

హెచ్.ఐ.వి. లేని మిగతా తొంభై ఎనిమిది మంది సంగతి మరచిపోరాదు. వారి రోగనిరోధక శక్తిని హరించేది వైరస్ కాదు, ఆకలి. దానికి తోడు షుగరు, బీడీ, సారా, ఒకే గదిలో ఏడుగురు పడుకునే ఇరుకు. ఝార్ఖండ్‌లో 2019 నుండి కొన్నేళ్లు జరిపి 2023లో ప్రకటించిన రేషన్స్ అనే పరిశోధన ఉన్నది. రోగి ఇంటిలో మిగిలినవారికి నెల నెలా బియ్యం, పప్పు అదనంగా ఇచ్చి చూశారు. వారిలో కొత్తగా క్షయ వచ్చేవారి సంఖ్య దాదాపు నలభై శాతం తగ్గింది. రోగులలో మొదటి రెండు నెలలలో బరువు పెరిగినవారు మరణించే అవకాశం బాగా తగ్గింది. బియ్యం, పప్పు! జకాత్ పంచేటప్పుడు మనము దుప్పట్లు కొనడానికి ఎంత ఉత్సాహపడతామో అందరికీ తెలిసినదే. ఆరు నెలల పాటు ఒక ఇంటికి పప్పు, గుడ్లు పంపే పనికి ఫోటో రాదు గనుక ముందుకు వచ్చేవారు తక్కువ.

పోషణ కొరకు ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుండి అది 1,000 రూపాయలైనది. హెచ్.ఐ.వి. ఉన్నా లేకున్నా, ప్రైవేటులో వైద్యం చేయించుకున్నా, నిక్షయ్‌లో నమోదై ఉంటే ఇది హక్కు. దానం కాదు. సొమ్ము పడకపోవడానికి మేము చూసిన కారణాలలో మొదటిది బ్యాంకు ఖాతా లేకపోవడం, రెండవది ఆధార్‌లో, పాసుపుస్తకంలో పేరు రెండు విధాలుగా ఉండడం. షేక్ ఒకచోట ముందు, మరొకచోట వెనుక, బేగం ఒకచోట ఉండి మరొకచోట లేకపోవడం. మన పేర్లతో ఈ తంటా ఎప్పటినుండో ఉన్నది, సరిచేయించే పని మాత్రం ఎవరికి వారే వాయిదా వేస్తారు.

అంటు భయం గురించి. ఒకప్పుడు క్షయ రోగిని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికో, వికారాబాద్ దగ్గర అనంతగిరికో పంపి నెలల తరబడి ఉంచేవారు. 1956లో మదరాసులో ఒక పరిశోధన మొదలైనది. కొందరు రోగులకు శానిటోరియంలో, కొందరికి పేటలోని ఇరుకు ఇళ్లలోనే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉండి మందు మింగినవారు దాదాపు అంతే బాగా కోలుకున్నారు. వారి ఇళ్లలోని వారికి క్షయ ఎక్కువగా సోకలేదు కూడా. మందు మొదలైన కొన్ని వారాలలో అంటు తగ్గిపోతుంది. కాబట్టి వేరే కంచం, వేరే గ్లాసు అవసరం లేదు. అవి అంటించవు. కిటికీ తెరవండి, మొదట్లో మూతికి గుడ్డ కట్టించండి, ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి, రోగం లేదని తేలినవారు నివారణ మందు వాడండి. మరొక వింత ఏమిటంటే, మనవారు ఎక్కువగా భయపడే హెచ్.ఐ.వి. రోగి దగ్గులో క్రిములు సాధారణంగా తక్కువే ఉంటాయి. ఎందుకో ఇంతకు ముందే చెప్పుకున్నాము.

ఆ డ్రైవరు జనాజా వద్ద గుస్ల్ ఇవ్వడానికి వాడలో ఎవరూ ముందుకు రాలేదు. కారణం ఎట్లా పొక్కిందో తెలియదు. చివరకు పొరుగు వాడ నుండి ఇద్దరు పెద్దలు వచ్చి, చేతులకు తొడుగులు వేసుకొని, మూతికి గుడ్డ కట్టుకొని చేశారు. వారికి ఏమీ కాలేదు, కాదు కూడా. హెచ్.ఐ.వి. తాకితే అంటదు. తొడుగులు, మాస్కు, గాలి వచ్చే స్థలం, అంతకు మించి కావలసినది లేదు. ప్రతి మసీదులో ఒక పెట్టెలో తొడుగులు ఉంచండి. ఎవరి జనాజాకైనా అవే వాడండి, అప్పుడు ఫలానావారికి వాడారు అన్న మాటే రాదు.

తరువాత అతని భార్యకు పరీక్ష జరిగింది, ఉన్నదని తేలింది. క్షయ మాత్రం లేదు. ఆమె ఏ.ఆర్.టి. మందులు, క్షయ నివారణ మందులు సక్రమంగా వాడి నేడు ఆరోగ్యంగా ఉన్నది. అత్తింటివారు నలభై రోజులు గడవక ముందే పుట్టింటికి పొమ్మన్నారు. మేము, ఇద్దరు పెద్దలు చట్టం ప్రతి తీసుకొని వెళ్లి కూర్చున్నాము. హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంతో కాపురమున్న ఇంటి నుండి ఆమెను గాని, ఆమె పిల్లలను గాని వెళ్లగొట్టడానికి వీలు లేదని అందులో ఉన్నది. చదివి వినిపించాము. వెనుక గది ఇచ్చారు. వంట ఇప్పటికీ వేరే. దానికి మేము సంతోషించడం లేదు, కానీ పిల్లలు అదే బడిలో చదువుతున్నారు.

పెళ్లి సంబంధాల వేళ ఆడపిల్ల క్షయను దాచడం, మందుల సంచి పుట్టింట్లో వదిలి అత్తింటికి పంపడం ఇంకా జరుగుతూనే ఉన్నది. నిక్షయ్ నంబరు ఉంటే ఏ ఊరికి వెళ్లినా అక్కడి కేంద్రానికి మార్పించుకొని మందులు తీసుకోవచ్చు. నాలుగు నెలలు ఆగి మందు పూర్తిచేసి పెళ్లి చేసిన తల్లిదండ్రులను మేము ఎరుగుదుము. సంబంధం తప్పిపోలేదు.

రంజాన్ వస్తున్నది కాబట్టి ఒక మాట. రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఉన్నదని ఇమాం సాహెబ్ గారు మనకంటె బాగా చెప్పగలరు. జుమా నాడు ఒకసారి క్షయ పేరెత్తి చెప్పమని వారిని కోరుతున్నాము. ఎందుకంటే మనవారు ఉపవాసం మానడానికి సిగ్గుపడి మాత్రలు మానేస్తున్నారు. నెల రోజులు ఆపితే మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదం ఉన్నది. బలం ఉండి, డాక్టరు ఒప్పుకుంటే సహరీకి, ఇఫ్తారుకు సర్దుకునే వీలుంటుందేమో వారినే అడగాలి. రోజుకు రెండుసార్లు మందు వేసుకునేవారు మరీ ముఖ్యంగా అడగాలి.

సభ ముగిసిన తరువాత వసారాలో బల్ల వద్ద మా సంఘం వారు కూర్చుంటారు. ఆధార్, పాసుపుస్తకాలలో పేరు తేడాలు ఉన్నవారు నకళ్లు ఇచ్చి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏ.ఆర్.టి. మందులు వాడేవారికి సామాజిక పింఛను ఉన్నది, తెలంగాణలో ఆసరా కింద ఉన్నది. ఆ దరఖాస్తుల కొరకు బల్ల దగ్గరకు రానవసరం లేదు, సంఘంలోని ఎవరి ఇంటికైనా రావచ్చు. లోపల కుడివైపు గదిలో మహిళల కోసం ఇద్దరు ఆశా కార్యకర్తలు ఉన్నారు. గళ్ల డబ్బాలు వారి వద్ద దొరుకుతాయి. ఉదయం లేవగానే తీసిన గళ్ల ఇవ్వాలి, ఉమ్మి కాదు. సోమవారం పదింటికల్లా తెచ్చి ఇస్తే అదే రోజు పరీక్షకు పంపుతారు.